కంచె లోపలి దిసమొల

మా సముద్రానికి బట్టల సమస్య ఉన్న సంగతి ప్రభుత్వం కనిపెట్టి చెప్పేదాకా మా గెడ్డపాలెంలో ఎవరికీ తెలియదు. అంతవరకు ఉక్కపోస్తే చొక్కా విప్పేవాళ్ళం, చలేస్తే తొడుక్కునేవాళ్ళం. ఇందులో విధానపరమైన లోపం ఉందని మాకు తట్టలేదు.

లోపం ఒక రంగుల పుస్తకం వల్ల బయటపడింది. ఆ ఏడు పర్యాటక శాఖవాళ్ళు మా ఒడ్డున 'సాగరనాదం' అని ఒక అంతర్జాతీయ సంగీత మహోత్సవం తలపెట్టారు. దేశదేశాల గాయకులు వస్తారు, విదేశీ యాత్రికులు వస్తారు, ఊరు బాగుపడుతుంది అని పుస్తకం అచ్చేశారు. అట్ట మీద ఒక తెల్లమ్మాయి గిటారు పట్టుకుని సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంది. గిటారు పెద్దదే. కానీ ఆ పిల్ల ఒంటిమీద చెప్పుకోదగ్గ వస్తువు అదొక్కటే.

సంస్కృతీ సంరక్షణ సమితి అధ్యక్షులు గుడిమెట్ల వేదాద్రి గారు మండిపడ్డారు. "ఇదేనా మన సంస్కృతి?" అని ఆ అట్టమీది బొమ్మనే తాటిచెట్టంత ఫ్లెక్సీ వేయించి బస్టాండు ఎదుట నిలబెట్టి, దాని కింద నిరసన సభ పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం ఆటోలు కట్టించుకుని వచ్చారు. ఆయన మాట్లాడినంతసేపూ ఒక్కరూ కదల్లేదు. అందరి కళ్ళూ ఆయన తలకి పైన ఎక్కడో ఉన్నా, వేదాద్రి గారు దాన్ని ప్రజా చైతన్యమనే అనుకున్నారు.

ఒక పక్క విదేశీయులు కావాలి, ఇంకో పక్క మర్యాద కావాలి. ఇలాంటి ఇరకాటం వచ్చినప్పుడు ప్రభుత్వం ఒక కార్యాలయం తెరుస్తుంది. తెరిచింది. దాని పూర్తి పేరు తీరప్రాంత వస్త్రమర్యాదా ప్రాధికార సంస్థ. ఊళ్ళోవాళ్ళు బట్టలాఫీసు అనేవారు. దానికి ప్రత్యేకాధికారిగా కొత్తలంక నరహరిరావు గారిని వేశారు. ఆయన అంతకుముందు తుఫాను బాధితులకి దుప్పట్ల పంపిణీ చూశారు కాబట్టి, బట్టల్లో అనుభవం ఉందని తేల్చారు.

హైస్కూల్లో తెలుగు చెప్పుకుంటున్న నన్ను కూడా డెప్యుటేషన్ మీద అందులోకి లాగారు. నేను చిన్నబుచ్చుకోలేదు. జనాభా లెక్కలకీ, ఓటర్ల జాబితాలకీ, మరుగుదొడ్ల ఫొటోలకీ వెళ్ళొచ్చినవాణ్ణి. నగ్నత్వానికి నిర్వచనం రాయాలట. మంచి తెలుగులో ఉండాలట.

మొదటి సమావేశంలోనే చర్చ లోతుగా సాగింది.

"నగ్నత్వం అంటే ఏమిటో వేరే చెప్పాలా? చూడగానే తెలుస్తుంది" అన్నారు వేదాద్రి గారు.

"తెలుస్తుంది. కానీ ఎవరికి తెలియాలి? చూసేందుకు అధికారం కలిగిన అధికారి ఎవరు?" అన్నారు నరహరిరావు గారు.

"ఆ భారం మా సమితి మోస్తుంది" అని వేదాద్రి గారు వెంటనే ముందుకొచ్చారు.

ఉత్సవం కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి తనుష్ అనే కుర్ర మేనేజరు వచ్చాడు. అతను ఫోన్లోంచి తలెత్తి, "సార్, మీరు చీరలు కట్టించి కూర్చోబెడితే అది ఫెస్టివల్ కాదు, పేరంటం. వైబ్ ఉండదు. స్పాన్సర్లు పోతారు" అన్నాడు.

"వైబ్‌ని తెలుగులో ఏమందాం మాస్టారూ?" అన్నారు నరహరిరావు గారు నావైపు తిరిగి.

"స్వేచ్ఛా వాతావరణం అనొచ్చండి."

"బాగుంది. రాయండి."

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి నిర్వచనం తేలింది. శరీర విస్తీర్ణంలో సగాని కంటె తక్కువ భాగం వస్త్రాచ్ఛాదితమై ఉన్న స్థితి నగ్నత్వమనబడును. గడ్డం, మీసం వస్త్రం కిందికి వస్తాయా అని ఎవరో అడిగితే, రావని తీర్మానించారు. ఇక మహోత్సవానికి ఒక కంచె వేస్తారు. కంచె లోపల, టిక్కెట్టు కొన్నవారి విషయంలో, సదరు స్థితి కళాత్మక స్వేచ్ఛా వాతావరణంలో భాగంగా పరిగణించబడును. కంచె వెలుపల అదే స్థితి అసభ్యతగా పరిగణించబడును.

వేదాద్రి గారు దీనికి ససేమిరా అన్నారు. లోపల మర్యాద ఏ మేరకు దెబ్బతింటోందో పరిశీలించడానికి ఆయన్ని గౌరవ పరిశీలకులుగా నియమించి, ముందు వరసలో కుర్చీ ఇస్తామన్నాక మెత్తబడ్డారు.

నిర్వచనం రాసిన పాపానికి కొలతలు కూడా నాకే అప్పగించారు. టేపు ఒకటి చేతిలో పెట్టారు.

కంచె వేసిన మర్నాడు పొద్దున్నే ఒడ్డున తనిఖీకి వెళ్ళాం. కంచెకి ఇవతల జాలర్లు పెద్దవల లాగుతున్నారు. పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో వేసిన వలని గట్టు మీద నుంచి రెండు తాళ్ళతో లాగుతారు. మగాళ్ళందరూ వరసగా తాడు పట్టుకుని, నడుము వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తుంటారు. అందరికంటే ముందు, మొలలోతు నీళ్ళలో, సూరాడ గురువులు అనే జాలరి ఉన్నాడు. నల్లగా, పొడుగ్గా, యాభైకి దగ్గర పడ్డ మనిషి. ఒంటిమీద గోచీ, తలకి గుడ్డ.

"ఏమయ్యా, ఇటు రా" అని పిలిచారు నరహరిరావు గారు.

గురువులు తాడు పక్కవాడికిచ్చి వచ్చి దండం పెట్టాడు.

"ఈ దుస్తులేమిటి?"

గురువులు తనని తాను ఒకసారి పైనుంచి కిందికి చూసుకున్నాడు. "దుస్తులెక్కడున్నాయి బాబూ? గోసీ కదా."

"నేరం ఒప్పుకున్నాడు. కొలవండి మాస్టారూ."

నేను టేపు విప్పాను. గురువులు రెండు చేతులూ ఎత్తి బుద్ధిగా నిలబడ్డాడు. ఉప్పునీళ్ళు కారుతున్నాయి. భుజాలు కొలిచి ఛాతీ దగ్గరికి వచ్చేసరికి మొహం వికసించింది. "సొక్కా కుట్టిత్తారేటి బాబూ?" అన్నాడు నెమ్మదిగా.

టేపు నడుం దగ్గరికి దించాను. తలగుడ్డని కూడా కలిపి చూశాను. సగానికి దరిదాపుల్లో లేదు.

నరహరిరావు గారు నిబంధననీ, తప్పితే పడే జరిమానానీ చదివి వినిపించారు. గురువులు శ్రద్ధగా విన్నాడు. అర్థమయ్యాక కంచె వైపు చెయ్యి చూపించాడు. "అయితే ఈ గోసీతోటి ఆ పక్కనుంటే తప్పు నేదు, ఈ పక్కనుంటే తప్పా బాబూ?"

"టిక్కెట్టు ఉంటే."

"లోన సేపలుంటాయేటి?"

"సంగీతం ఉంటుంది."

గురువులు ఆలోచించాడు. "అయితే ఇక్కడే ఉంతాను బాబూ" అన్నాడు.

జరిమానా కట్టలేక జాలర్లు నాలుగు రోజులు వలలు ముట్టుకోలేదు. నరహరిరావు గారు మంచివారే. పేదవాళ్ళని శిక్షించడం మన ఉద్దేశం కాదు, సంస్కరించడం మన ఉద్దేశం అన్నారు. జాలరి కుటుంబాలకి మర్యాద దుస్తులు మంజూరు చేయించారు. దళసరి నీలం ప్యాంటు, మోచేతులు దాటిన చొక్కా, మెడదాకా బొత్తాలు. చొక్కా వీపు మీద 'మర్యాదే మా అలంకారం' అని తెల్లని అక్షరాలు. పంపిణీ సభలో గురువులుకి వేదాద్రి గారు స్వయంగా బొత్తాలు పెట్టారు. ఫొటో పేపర్లో వచ్చింది. ఫొటోలో గురువులు కొత్త పెళ్ళికొడుకులా బిగుసుకుని ఉన్నాడు.

మర్నాడు వలకి వెళ్ళారు. ప్యాంటు తడిసేదాకా బాగానే ఉంది. తడిశాక ఆ గుడ్డ నీళ్ళు తాగింది. గొట్టాల్లోకి ఇసక ఎక్కింది. పెద్ద కెరటం ఒకటి వచ్చి గురువుల్ని పడదోసి వెనక్కి లాగింది. చిన్నప్పటినుంచీ ఆ నీళ్ళలోనే పెరిగిన మనిషి కాళ్ళు ఆడించలేక మునిగిపోయాడు. తేలాడు. మళ్ళీ మునిగాడు. బామ్మర్ది కొండయ్య ఈదుకుంటూ వెళ్ళి, మొలలో ఉన్న చాకుతో నడుం దగ్గర ప్యాంటు కోసి, జుట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చుకొచ్చాడు. ఇసకలో బోర్లా పడేసి వీపు నొక్కితే ఎంతసేపటికో నీళ్ళు కక్కాడు.

సాయంత్రం నరహరిరావు గారూ నేనూ పరామర్శకి వెళ్ళాం. గురువులు నులకమంచం మీద దుప్పటి కప్పుకుని దగ్గుతున్నాడు. పెళ్ళాం దేముడమ్మ తలాపిన కూచుని ఉంది. మనిషి పొట్టిగా ఉన్నా, చేపల గంప నెత్తిన పెట్టుకుని బజార్లో కేకేస్తే నాలుగు వీధులకి వినిపించే గొంతు. ఆ రోజు ఆ గొంతు లేదు.

నరహరిరావు గారు దుప్పటి వైపు చూశారు. "ప్యాంటు ఏమైంది?"

దేముడమ్మ తలెత్తింది.

"అది ప్రభుత్వ ఆస్తి అమ్మా. పాడైతే పాడైనట్టు అప్పజెప్పాలి."

"సముద్రంలో ఉన్నాది బాబూ" అంది దేముడమ్మ. "ఎల్లి తెచ్చుకోండి."

ఆయన గంభీరంగా తలూపారు. బయటికొచ్చాక, "చదువు లేకపోవడం వల్ల వచ్చే ఇబ్బందులండీ ఇవి" అన్నారు. నేను టేపు జేబులోకి తోసుకుంటూ వెంట నడిచాను. ఆ మాట అప్పుడే ఖండించి ఉంటే బాగుండేదని మీకు అనిపించవచ్చు. నా డెప్యుటేషన్ ఇంకా ముగియలేదు.

మహోత్సవం రానే వచ్చింది. కంచె లోపల ఇసకేస్తే రాలనంత జనం. అనకాపల్లి నుంచి, పాడేరు నుంచి, ఒడిశా సరిహద్దుల్నుంచి కూడా వచ్చారు. సంగీతం మీద మన జిల్లాలకి ఇంత మోజుందని నేనెప్పుడూ అనుకోలేదు. చాలామంది దుర్భిణులు తెచ్చుకున్నారు. ముందు వరసలో వేదాద్రి గారు తన దుర్భిణికి మెత్తటి గుడ్డతో అద్దాలు తుడుచుకుంటున్నారు.

విదేశీయులు కూడా వచ్చారు. నార్వే నుంచి ఇంగ్రిడ్ అనే గాయని వేదిక ఎక్కింది. ఆమె వెనకాల ఆమె దేశస్థులు గుంపుగా వచ్చి కూర్చున్నారు. మా ఎండ సంగతి వాళ్ళు ముందే తెలుసుకున్నట్టున్నారు. అందరూ మణికట్టుదాకా చేతులున్న చొక్కాలు, చీలమండలదాకా పైజామాలు, మెడకి గుడ్డలు, గొడుగంత టోపీలు. కనిపించే ముక్కుకి తెల్లటి మందు పూసుకున్నారు. ఇంగ్రిడ్ చేతులకి తొడుగులు కూడా వేసుకుంది. కళ్ళు మూసుకుని ఏదో జోలపాట లాంటిది పాడింది. నిజంగానే బాగుంది.

పాట సగంలో ఉండగా వెనకనుంచి ఎవడో అరిచాడు. "బొమ్మలో ఉన్నామె ఏదిరా?"

ఇంకొకడు అందుకున్నాడు. "మా డబ్బులు మాకిచ్చేయండి!"

కుర్చీలు లేచాయి. ఇంగ్రిడ్ పాట ఆపి, తన వల్ల ఏమైనా తప్పు జరిగిందా అని దుబాసీని అడిగింది. జనం ఆమె టోపీ వల్ల బాధపడుతున్నారని చెప్పడానికి అతనికి ఇంగ్లీషు చాలలేదు.

వేదిక వెనక డేరాలో అత్యవసర సమావేశం జరిగింది. వేదాద్రి గారు చెమటలు కక్కుతూ వచ్చారు. "పొద్దుటి నుంచి కన్నార్పకుండా పరిశీలిస్తున్నాను. ఒక్క అసభ్యత కూడా లేదు. ఇది ప్రేక్షకుల్ని మోసం చెయ్యడం కాదా?"

"స్వేచ్ఛా వాతావరణం లక్ష్యానికి చాలా దిగువన ఉంది" అని ఒప్పుకున్నారు నరహరిరావు గారు.

తనుష్ ఒక్కడే నిబ్బరంగా ఉన్నాడు. కంచె సందులోంచి బయటికి చూస్తూ, "సార్, ఆ వల లాగేవాళ్ళు ఎక్కడ? ఫిట్‌గా ఉంటారు, నేచురల్‌గా ఉంటారు. లోపలికి తెద్దాం. హెరిటేజ్ అని వేద్దాం" అన్నాడు.

"గోచీలతోనా?" అన్నారు నరహరిరావు గారు.

"కంచె లోపలే కదా సార్."

ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నిబంధనని మనసులో చదువుకున్నారు. తెరిచేసరికి ఆయన మొహంలో శాంతి ఉంది.

జాలర్లని పిలుచుకురమ్మని నన్నే పంపారు. ప్యాంట్లకి భయపడి వేట మానేసి పస్తులున్నవాళ్ళు, కూలీ ఇస్తామంటే వచ్చారు. గురువులు కూడా దగ్గుకుంటూ వచ్చాడు. ఆ దగ్గు మూలాన లుంగీ కట్టుకుని, మందపాటి చొక్కా వేసుకుని, చెవులకి మఫ్లరు చుట్టుకున్నాడు.

గేటు దగ్గర తనుష్ మనిషి ఆపేశాడు. "ఆర్టిస్టులకి గోచీ కంపల్సరీ."

"నాకు సలి బాబూ" అన్నాడు గురువులు.

"ఒరిజినాలిటీ ఉండదు. మాస్టారూ, సగం దాటకుండా ఉన్నాడేమో కొలిచి పంపండి."

గురువులు నా మొహంలోకి చూశాడు. మఫ్లరు తీశాడు. చొక్కా తీశాడు. లుంగీ మడిచి కొండయ్య చేతికిచ్చాడు. ఈసారి చేతులెత్తలేదు.

"ఆ ఏళ తక్కువన్నారు, ఈ ఏళ ఎక్కువంతన్నారు. నాను మనిసినా బాబూ, బట్టల కొట్లో బొమ్మనా?"

"పోనీ, నేను లెక్క వేసేశాలే. వెళ్ళు" అన్నాను. టేపు బయటికి తియ్యలేదు. ఆ ఉద్యోగంలో నేను చేసిన ఏకైక తిరుగుబాటు అదే. దాన్ని ఎవరూ గమనించలేదు.

కంచె లోపలి ఒడ్డున వాళ్ళు గోచీలతో వల లాగడం జనానికి బ్రహ్మాండంగా నచ్చింది. విదేశీయులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళని చూసి మనవాళ్ళు కొట్టారు. పేపర్లు రాశాయి. పై అధికారులు మెచ్చుకున్నారు. ఫలితంగా మహోత్సవం ముగియలేదు. దాన్ని ఏడాది పొడుగునా కొనసాగించాలని ఉత్తర్వు వచ్చింది. కంచెని ఒడ్డు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పెంచారు. ఇప్పుడు గెడ్డపాలెం తీరమంతా కళాత్మక వాతావరణమే. గోచీ ఎక్కడా తప్పు కాదు.

అయితే ప్రదర్శన సాయంత్రం పూట. పొద్దున గేట్లు తెరవరు. చేపలు ఒడ్డుకొచ్చేది పొద్దున. గురువులు వెళ్ళి ఈ సంగతి నరహరిరావు గారికి విన్నవించుకున్నాడు.

"చేపలు ఏ వేళకి రావాలన్నది మా పరిధిలోకి రాదు. మత్స్యశాఖని కలుసుకో" అన్నారాయన.

సాయంత్రం వేళ గురువులు బృందం వల లాగేది. వల ఖాళీగా వచ్చేది. జనం చప్పట్లు కొట్టేవారు. రెండో ప్రదర్శన అయ్యాక కూలీ కూడా ఆగింది. కళాకారులకి గౌరవ వేతనం ఇస్తారట, దానికి మంజూరు రావాలట.

ఒక సాయంత్రం గురువులు ఇంటికెళ్ళి, "ఈయేళ మాలావు సప్పట్లు కొట్టినారే" అన్నాడట. దేముడమ్మ పొయ్యి మీది ఉత్త కుండ దించి ఆయన ముందు పెట్టింది.

"ఆటిని ఏ కూరలో ఎయ్యమన్నారో అడిగొచ్చినావా?"

మర్నాడు ప్రదర్శన మధ్యలో ఆవిడ ఖాళీ గంపతో కంచె దూరి లోపలికొచ్చింది. కాపలావాళ్ళు అడ్డొస్తే గంపతో ఒక్క తోపు తోసింది. ప్రేక్షకుల వరసల మధ్యకి వచ్చి నిలబడి, గంప తిరగేసి అందరికీ చూపించింది.

"సూడండి బాబూ, సూడండి! ఒక్క సేప నేదు. మా మొగోడు సలికి వణుకుతూ ఉత్త వల లాగుతుంతే మీరు సేతులు నొప్పెట్టేలాగ కొడతన్నారు. ఆడి కడుపు మీకెవులికైనా కనపడతన్నాదా? ఒల్లంతా సూత్తన్నారు గదా, ఆ డొక్కలు కనపడనేదా? గోసీ కట్టుకున్నోడికి సిగ్గు నేదన్నారు. గుడ్డలు కట్టుకు కూకున్నోలకి మీకున్నాదా?"

గంప ఇసకలోకి విసిరికొట్టింది. కెరటాల చప్పుడొక్కటే వినబడింది. ఇదిగో, తగలాల్సిన చోట తగిలింది అనుకున్నాను.

అప్పుడు ముందు వరసలో ఒకాయన లేచి నిలబడి చప్పట్లు మొదలెట్టాడు. తర్వాత పక్కవాళ్ళు. తర్వాత అందరూ. ఈలలు వేశారు. మళ్ళీ చెయ్యమని కేకలేశారు. వేదాద్రి గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మన సంస్కృతిలోని సహజ నటన!" అని పక్కాయన చెయ్యి పట్టుకున్నారు.

దేముడమ్మ వాళ్ళవంక చూస్తూ ఉండిపోయింది. నీళ్ళలో ఉన్న గురువులు తాడు వదిలేశాడు. ఒడ్డుకొచ్చి గంప తీసుకుని, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "రాయే" అన్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. తనుష్ మాత్రం వెనక నుంచి, "అమ్మా, రేపు ఐదున్నరకి ఇలాగే! గంప విసరడం మర్చిపోవద్దు!" అని అరుస్తూనే ఉన్నాడు.

ఆ ఐదున్నర రాలేదు. తెల్లారేసరికి జాలరిపేట ఖాళీ. పడవలూ వలలూ ఊరి చివరి గెడ్డ వాగు దాటించి, అవతల రాతిగట్టు పక్కన గుడిసెలు వేసుకున్నారు. అక్కడ ఇసక లేదు, అన్నీ రాళ్ళు, కాబట్టి పర్యాటకం కూడా లేదు. వల లాగడానికి చోటు చాలదు. చిన్న తెప్పల మీద లోపలికెళ్ళి వేటాడుకుంటున్నారు. కష్టమే, కానీ గంపలు నిండుతున్నాయని విన్నాను.

ఇక్కడ ప్రదర్శన ఆపడానికి వీల్లేదు. ఏడాది పొడుగునా జరగాలని ఉత్తర్వు ఉంది. కళాకారులు అనధికారికంగా గైర్హాజరైనందువల్ల, ప్రత్యామ్నాయ సిబ్బందిని ఏర్పాటు చెయ్యాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఇలాంటి ఆదేశాలు చివరికి ఎక్కడికి చేరతాయో మీకు తెలుసు. మండలంలోని ఉపాధ్యాయులం విడతలవారీగా వల లాగుతున్నాం. నాది సోమ, బుధ, శుక్రవారాలు. లెక్కల మాస్టారు నా ముందు ఉంటారు, డ్రిల్లు మాస్టారు నా వెనక. గోచీలు ప్రభుత్వమే ఇచ్చింది. పదోతరగతి పిల్లల తల్లిదండ్రులు అప్పుడప్పుడు వచ్చి చూసి, వాళ్ళ పిల్లాడు ఎలా చదువుతున్నాడని కంచె అవతల నుంచి అడుగుతుంటారు. తాడు పట్టుకునే జవాబు చెప్తుంటాను.

మొన్న మా ఇంటి గుమ్మంలోకి దేముడమ్మ చేపల గంపతో వచ్చింది. నేను లోపల అరచేతుల బొబ్బలకి మందు రాసుకుంటున్నాను. మా ఆవిడ సుభద్ర కానాగంత చేపలు బేరమాడింది. దేముడమ్మ తూకం వేసి పళ్ళెంలో పోసి, గంప ఎత్తుకోబోతూ ఆగింది. మళ్ళీ దించి, పెద్దవి రెండు ఏరి పళ్ళెంలో పడేసింది.

"ఇవెందుకే? నేను అడగలేదుగా" అంది సుభద్ర.

"మాస్టారికి ఏయించి పెట్టమ్మా. డబ్బులొద్దు" అంది దేముడమ్మ గొంతు తగ్గించి. "నిన్న గెడ్డ దాటొత్తంతే కంచెలోంచి సూసినాను. పాపం, ఎముకలు లెక్కెట్టొచ్చు."